ఆయానా కథలు చెప్పిన ఆంటీ

ముందే చెప్పుకుంటున్నాను. నేను ఐదో తరగతి వరకే చదివాను. అందులోనూ ఆఖరి మూడు నెలలు బడికి వెళ్ళలేదు. చెల్లికి ఆటలమ్మ పోస్తే ఇంట్లో ఉండిపోయాను, మళ్ళీ ఎవరూ పంపలేదు. ఆ తర్వాత నేను తెలుగులో రాసినవి సరుకుల చీటీలు, మా అమ్మకి నాలుగైదు ఉత్తరాలు, అంతే. ఈ కాగితాల్లో అక్షరాలు తప్పులుంటాయి. ఒత్తు ఎక్కడ పెట్టాలో నాకిప్పటికీ అనుమానమే. పత్రికకి రాసేవాళ్ళు ఎలా మొదలుపెడతారో కూడా తెలియదు.

అయినా రాస్తున్నాను. పోయిన నెల మన తెలుగువాళ్ళ పత్రికలో వెనక పేజీలో ఒక ఫోటో, దాని కింద నాలుగు లైన్లు వేశారు. భర్త పోయిన తర్వాత మౌనంగా, దైవచింతనలో శేషజీవితం గడిపిన మాతృమూర్తి అని. ఆ ఫోటోలో ఉన్నావిడ నాకు తెలుసు. మౌనంగా అన్న మాట దగ్గర ఆగిపోయాను. నేనే తప్పు చదివానేమో అని మావారితో మళ్ళీ చదివించుకున్నాను. తప్పు కాదు, అలాగే వేశారు.

ఆవిడ మౌనంగా ఉన్నది మూడు నెలలు. ఆ మూడు నెలలూ చూసినదాన్ని నేను. తర్వాత ఆవిడ నోరు మూయించాలని చూసినవాళ్ళనీ చూశాను. రాసినాయన తెలియక రాసి ఉంటారు, నేను తప్పు పట్టను. కానీ తెలిసినదాన్ని నేను ఊరుకుంటే అది నా తప్పవుతుంది. ఆవిడ పేరు రాయను. నేను ఎప్పుడూ ఆంటీ అనే పిలిచాను, ఇక్కడా అలాగే రాస్తాను.

అప్పుడు మేము ఈ పరాయి దేశంలో పాపకూర అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. మావారు సిటీలో ఒక రెస్టారెంట్‌లో వంట చేసేవారు. ముందు వైపు పెద్ద ఇంట్లో వాళ్ళు, వెనక చిన్న ఫ్లాట్‌లో మేము. ముందింటి అమ్మాయిది హాస్పిటల్ ల్యాబ్‌లో పని. వాళ్ళది పల్నాడు. అమ్మానాన్నల్ని ఇక్కడికే తెచ్చుకుంది. అంకుల్ ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. వచ్చిన ఎనిమిదో నెలలో ఒక వాన రోజు, మూల మీది డెయిరీ కొట్టుకి పాలు తేవడానికి వెళ్ళి, తిరిగి వస్తూ ఫుట్‌పాత్ మీద పడిపోయారు. అంబులెన్స్ వచ్చేసరికే అంతా అయిపోయింది.

తర్వాత ఆంటీ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. కిటికీ దగ్గర అన్నానే గానీ కర్టెన్ ఎప్పుడూ వేసే ఉండేది. నేను పప్పో పచ్చడో తీసుకెళ్తే గిన్నె అందుకునేది, మర్నాడు కడిగి గుమ్మంలో పెట్టేది. ఒక్క మాట లేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు గట్టిగా ఏడ్చి వెళ్ళేవాళ్ళు. ఆవిడ వాళ్ళ చెప్పుల వంక చూస్తూ ఉండేది.

ఒక రోజు నేను గిన్నె తీసుకుంటుంటే తలుపు తెరిచింది.

"ఏమ్మాయ్, రోజూ పొద్దున్నే యాడికి పోతావు నువ్వు?"

"లాండ్రీకి ఆంటీ. దుప్పట్లు మడతపెట్టే పని."

"అదొక పనా?"

"ఇక్కడ పనేనండి."

"అది నాకొచ్చు," అని తలుపేసుకుంది.

మర్నాడు ఆరున్నరకి బస్‌స్టాప్‌లో ఉంది. చీర మీద అంకుల్ ఖాకీ చొక్కా, దాని మీద కూతురి కోటు, కాళ్ళకి మగవాళ్ళ బూట్లు, చేతిలో టిఫిన్ క్యారేజీ.

"మీ అమ్మాయికి చెప్పారా ఆంటీ?"

"ఫ్రిజ్జుకి చీటీ అంటించి వచ్చా. లేచినాక చదువుకుంటది."

ఆ వారం లాండ్రీలో ఇద్దరు మానేసి ఉన్నారు, అందుకని పెట్టుకున్నారు. చుట్టుపక్కల మోటెళ్ళవి, ముసలివాళ్ళుండే హోమ్‌లవి దుప్పట్లు మా దగ్గరికి వచ్చేవి. చిన్నవి ఒక్కరే మడుస్తారు. పెద్దవి ఇద్దరు పట్టుకోవాలి. చెరో పక్క రెండు కొసలు పట్టి విదిలించాలి, ఎదురెదురుగా నడిచి వచ్చి కొసలు కలపాలి, మళ్ళీ వెనక్కి వెళ్ళాలి. మిషన్ల మోతలో దూరం నుంచి మాట్లాడితే వినపడదు. దగ్గరికి వచ్చినప్పుడు ఒక్క ముక్క చెప్పుకోవచ్చు.

మొదటి రెండు గంటలు ఆంటీ ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక దుప్పటి మధ్యలో, కొసలు నా చేతిలో పెడుతూ, "ఆయన ఈ ఊళ్ళో మొదటిసారి బస్సెక్కిన రోజు ఏమైందో తెలుసా నీకు?" అంది. నేను తెలియదన్నాను. ఆవిడ వెనక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ దగ్గరికి వచ్చేదాకా నేను ఆగాలి. వచ్చి, "లోపల ఆరుగురు ఉన్నారు," అంది. మళ్ళీ వెనక్కి. "ఈయన తలుపు కాడ నిలబడ్డాడు." మళ్ళీ వెనక్కి. "లోపలికి జరగండి, లోపలికి జరగండి అని అరుస్తున్నాడు." నేను దుప్పటి వదిలేశాను, నవ్వాగలేదు. ఖాళీ బస్సులో ఆరుగురు తెల్లవాళ్ళు లేచి నిలబడి, నిజంగానే లోపలికి జరిగారట. ఎందుకో ఎవరూ అడగలేదట.

ఆంటీ కూడా నవ్వింది. నవ్వి, తన నోటి మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంది, అది తనదేనా అన్నట్టు.

అలా మొదలైంది. ఆవిడ కథ మొదలుపెట్టే ముందు కండక్టర్లు అన్నట్టు "రైట్ రైట్" అనేది. ఎంత మంచి చోట ఉన్నా పని గంట మోగగానే "హోల్డాన్" అని ఆపేసేది. తర్వాత ఏమైందో చెప్పమని బతిమాలినా చెప్పేది కాదు. "స్టేజీ వచ్చినాక బస్సు ఆగాల్సిందేనమ్మాయ్" అనేది.

మా పక్క బల్ల దగ్గర మెలే అని టోంగా అనే దీవుల దేశపు ఆవిడ చేసేది. పెద్ద మనిషి, పెద్ద గొంతు, చర్చిలో పాడుతుంది. మేమిద్దరం నవ్వుతుంటే తనకీ చెప్పమని గొడవ. ఆంటీకి ఇంగ్లీషు మాటలు ఒక అరవై వచ్చేమో. ఆ అరవైతోనే చెప్పడం మొదలుపెట్టింది. "ఆయన గో బస్. బస్ నో మూవ్. ఆయన యాంగ్రీ." చేతులు, కళ్ళు, భుజాలు మిగతాది చెప్పేవి. రెండు వారాలకి మొత్తం పదిమందీ పది గంటల టీకి ఆవిడ చుట్టూ చేరేవాళ్ళు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పెళ్ళైన ముప్పై ఎనిమిదేళ్ళలో ఆవిడ అంకుల్ పేరు నోటితో పలకలేదు. పాత రోజుల పట్టింపు. అంబులెన్స్ వాళ్ళు పేరు అడిగినప్పుడు కూడా ఇంటికి వెళ్ళి పాస్‌పోర్ట్ తెచ్చి చూపించిందట. ఆయన అనడమే అలవాటు, ఇంగ్లీషు మధ్యలో కూడా ఆయనే. దాంతో లాండ్రీలో అందరూ అంకుల్ పేరే ఆయన అనుకున్నారు. వాళ్ళ నోట్లో అది ఆయానా అయింది. పొద్దున రాగానే "ఆంటీ, హౌ ఈజ్ ఆయానా?" అనేవాళ్ళు. నేను సరిచెయ్యబోతే ఆంటీ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీయమ్మాయ్. బాగుంది. నాక్కూడా పిలుచుకోను ఒక పేరు దొరికింది."

నిజంగా జరిగినవి మూడు నాలుగు నెలల్లో అయిపోయాయి. అప్పుడు ఆవిడ కల్పించడం మొదలుపెట్టింది. ఈ దేశంలో బస్సుకి కండక్టరు లేడని ఆయానాకి కోపం వచ్చి, తనే ఖాకీ వేసుకుని ఉద్యోగంలో చేరిపోయాడు. గొర్రెలు రోడ్డు దాటుతుంటే వాటిని వరసలో నిలబెట్టి, పెద్దవాటిని ముందు ఎక్కించాడు. చలికాలం వచ్చాక బస్సు దక్షిణానికి పోయి, ఇక్కడ చలి అటే ఎక్కువ, మంచులో ఇరుక్కుంది. ఆ మంచులో ఆయానా పది రోజులున్నాడు, ఎందుకంటే ఆ పది రోజులు మాకు పని ఎక్కువై టీ కూడా సరిగా తాగనివ్వలేదు. మెలే రోజూ అడిగేది. చలికి ఆయానా పాదం వాచింది అని ఆంటీ చెప్పిన రోజు మెలే మొహం చూడాలి.

మన వాళ్ళలోకి ఈ మాట పాకింది. ఒకరింట్లో భోజనాలకి వెళ్ళినప్పుడు, మన తెలుగు సంఘంలో పెద్దావిడ ఒకరు ఆంటీని పక్కన కూర్చోబెట్టుకుని మంచిగానే చెప్పారు.

"పోయినవాళ్ళ మీద అలా నవ్వులాటలు చెయ్యకూడదమ్మా. నలుగురూ ఏమనుకుంటారు? ఏడాది కూడా సరిగ్గా తిరిగిందో లేదో."

ఆంటీ పులిహోర తింటూ, "ఆయన ఉన్నప్పుడు ఆయన మీద నవ్వితే ఎవరూ వద్దన్లేదండీ. ఇప్పుడు మాత్రం ఆయనకేం కోపం?" అంది. ఇంకో రెండు ముద్దలు తిని, "అయినా ఏడవటానికి వచ్చినోళ్ళంతా మా ఇంటో టీలు తాగి పోయారు. నవ్వినోళ్ళు మాత్రం మళ్ళా మళ్ళా వస్తున్నారు," అంది. పెద్దావిడ లేచి వెళ్ళిపోయారు. కూతురు అక్కడే ఉంది, మొహం ఎర్రబడింది.

ఆ కూతురి గురించి ఎవరూ తప్పుగా అనుకోవద్దు. మంచి పిల్ల. తండ్రి ఫోటోకి రోజూ పువ్వు పెట్టేది గానీ ఆయన మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేది. ఆ రోజు పాలు తెమ్మని ఫోన్ చేసింది ఆ అమ్మాయే అని నాకు తర్వాత తెలిసింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను బట్టలు ఆరేస్తున్నాను. ముందింటి దగ్గర కారు ఆగింది. మెలే దిగింది. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, నడుముకి వాళ్ళు కట్టుకునే చాప చుట్టుకుని ఉంది. చేతిలో అరటిపండు కేకు. తలుపు అమ్మాయి తీసింది.

"ఫర్ ఆయానా," అంది మెలే నవ్వుతూ. "హౌ ఈజ్ హిస్ ఫుట్?"

అమ్మాయికి అర్థం కాలేదు. ఎవరని అడిగింది.

"యువర్ ఫాదర్. ఆయానా. ఇన్ ద స్నో."

అప్పుడు నాకు వెలిగింది. ఆంటీ ఇంగ్లీషులో అయిపోయిన సంగతికి, జరుగుతున్న సంగతికి తేడా లేదు. గో అంటే వెళ్ళాడో, వెళ్తున్నాడో ఎవరికి తెలుసు. ఏడాదిగా వీళ్ళంతా ఆంటీ భర్త ఇంట్లో ఉన్నాడనుకుంటున్నారు. నాకా ఇంగ్లీషు అంతంత మాత్రం, నేనూ పసిగట్టలేదు.

"మై ఫాదర్ ఈజ్ డెడ్," అంది అమ్మాయి. గట్టిగా కూడా అనలేదు.

మెలే ఆ కేకు పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత దాన్ని మెట్టు మీద పెట్టి, నోరు కప్పుకుని కారెక్కి వెళ్ళిపోయింది.

వంటింటి కిటికీ తెరిచి ఉంది. నేను వినకూడదనే అనుకున్నాను, కానీ చేతిలో తడి బట్టలున్నాయి.

"నాన్న పోయాడని వాళ్ళకి చెప్పలేదా అమ్మా నువ్వు?"

"ఎవరూ అడగలా."

"అడగాలా? ఏడాది నుంచి నాన్న బతికే ఉన్నాడని చెప్తున్నావా?"

"నేనట్టా చెప్పలా. నా ఇంగిలీసు అట్టా చెప్పింది."

"జోకులొద్దు. నాన్నని జోకర్ని చేశావ్. ముక్కూమొహం తెలియనివాళ్ళు నా గుమ్మంలోకొచ్చి కాలెలా ఉందని అడుగుతున్నారు. నాకెలా ఉంటుందో ఆలోచించావా? రేపట్నించి ఆ పనికి వెళ్ళొద్దు. కాదంటే మావయ్యకి ఫోన్ చేసి టికెట్ తీస్తాను."

"మళ్ళా ఆ కిటికీ కాడ కూర్చోమంటావా?"

"కూర్చో. ఏడువు. అందరూ ఏడవరా? నువ్వెందుకు ఏడవవు?"

ఆంటీ కుళాయి కట్టేసిన చప్పుడు వినపడింది. తర్వాత అంది. "మూడు నెల్లు చూశాగా. ఆ పని నాకు చేతగాలా. ఇది చేతనైంది."

సాయంత్రం నా ఫ్లాట్‌కి వచ్చింది. నేను టీ పెట్టాను. తాగలేదు. కప్పు తిప్పుతూ కూర్చుంది.

"ముప్పై ఏళ్ళు రోజూ ఊళ్ళు తిరిగిన మనిషి," అంది. "నన్ను మాచర్ల దాటించి ఒక్క ఊరు చూపించలా. అడిగితే, నేను పోయేది ఉద్యోగానికా, విహారానికా అనేవోడు. సరేలే అనుకున్నా. ఇప్పుడు నేను తిప్పుతున్నా ఆయన్ని. ఇది నా బస్సు. నన్ను దిగమంటే నేను దిగను."

"అమ్మాయి టికెట్ తీస్తానందిగా ఆంటీ."

"తీయనీ. ఎక్కాల్సింది నేనేగా."

సోమవారం పొద్దున బస్‌స్టాప్‌లో ఉంది. ఖాకీ చొక్కాకి ఇస్త్రీ కూడా చేసింది.

కానీ లాండ్రీలో సంగతి వేరుగా ఉంది. మెలే అందరికీ చెప్పేసింది. ఆంటీ లోపలికి రాగానే మాటలు ఆగిపోయాయి. టీ బల్ల మీద పూలు పెట్టి ఉన్నాయి. మెలే వచ్చి కౌగిలించుకుని, సారీ సారీ అని ఏడ్చింది. అందరూ మెల్లమెల్లగా, జబ్బుమనిషితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. పెద్ద దుప్పట్లు పట్టుకోబోతే ఎవరో వచ్చి ఆవిడ చేతుల్లోంచి తీసుకుని, ముందు తువ్వాళ్ళ బుట్ట పెట్టారు. ఒక్కరే కూర్చుని మడుచుకునేవి. మంచి మనసుతోనే చేశారు. కానీ నేను ఆంటీ మొహం చూశాను. కిటికీ దగ్గరి కుర్చీని ఇక్కడికే మోసుకొచ్చి వేసినట్టుంది ఆవిడకి. కూతురు అక్కర్లేదు, టికెట్ అక్కర్లేదు. వినేవాళ్ళే పోతే ఆవిడ పని అయిపోయినట్టే.

పది గంటల టీకి అందరం కూర్చున్నాం. ఎవరూ ఏమీ అడగలేదు. ఆంటీ లేచి నిలబడింది.

"రైట్ రైట్."

ఎవరూ కదల్లేదు. మెలే మెల్లగా, "నో నీడ్ టుడే. యు రెస్ట్," అంది.

"ఐ నో టయర్డ్."

ఒక చిన్నపిల్ల, కొత్తగా చేరింది, "బట్ హీ ఈజ్ డెడ్," అంది భయం భయంగా.

"యెస్," అంది ఆంటీ. "ఆయానా డై. ఐ నో డై. లిజన్."

ఆ రోజు చెప్పింది. ఏడాదిగా ఎన్ని చెప్పినా అది మాత్రం చెప్పలేదు, నాకు కూడా. "రెయిన్," అంది. చేతి వేళ్ళతో వాన చూపించింది. "ఫోన్. మై డాటర్ కాల్. నాన్నా, మిల్క్." ఆ తర్వాత ఇంగ్లీషు చాల్లేదు. తెలుగులోకి వచ్చేసింది, నా వంక చూస్తూ చెప్పింది. నేను తెలుగులో విన్నాను, మిగతావాళ్ళు ఆవిడ మొహంలో విన్నారు.

"ఎనిమిది నెల్లు ఈ ఊళ్ళో ఆయనకి ఎవరూ ఒక్క పని చెప్పలా అమ్మాయ్. ముప్పై ఏళ్ళు బస్సునిండా జనం, కండక్టరూ, కండక్టరూ అని పిలిచేవోళ్ళు. ఇక్కడ కూర్చో నాన్నా, రెస్టు తీసుకో నాన్నా. కూర్చుని కూర్చుని చెక్కైపోయాడు మనిషి. ఆ రోజు పాలు తెమ్మంది అమ్మాయి. ఫోన్ పెట్టేసి ఎట్టా లేచాడో తెలుసా? డ్యూటీ పడ్డట్టు లేచాడు. గొడుగిస్తే వద్దన్నాడు. చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు. అద్దంలో చూసుకున్నాడు. పాలకి పోతూ అద్దంలో చూసుకునే మనిషిని చూశావా యాడన్నా? వీధి మలుపు తిరిగేదాకా చూశా నేను. చేతులూపుకుంటూ పోయాడు. నీలం మూత సీసా కొన్నాడు. సంతోషంగా పోయాడు అమ్మాయ్. పని మీద ఉండి పోయాడు."

"నీలం కాదు."

ఆ మాట తలుపు దగ్గర్నుంచి వచ్చింది. కూతురు. ఫ్రిజ్ మీద చీటీ చూసుకుని తల్లిని తీసుకెళ్ళడానికి వచ్చింది. కారు తాళాలు చేతిలో ఉన్నాయి. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు.

"నీలం కాదమ్మా. నేను ఆకుపచ్చ మూత చెప్పాను. వెన్న తక్కువ ఉండేది. రెండుసార్లు చెప్పాను."

"తెచ్చింది నీలమే."

"నాకు తెలుసు నీలమేనని. సీసా నేనే తీశాను కదా రోడ్డు మీంచి." తాళాలు పిడికిట్లో బిగించింది ఆ పిల్ల. "అది పగల్లేదు కూడా."

"ఆయన ఎప్పుడు చెప్పింది తెచ్చాడే," అంది ఆంటీ.

అమ్మాయి నవ్వింది. ఏడుపూ వచ్చింది, రెండూ ఒకేసారి. తాళాలు కింద పడిపోయాయి. మెలే కుర్చీ జరిపింది. ఆ అమ్మాయి వచ్చి కూర్చుంది. అందరూ ఏం జరిగిందో తెలియక చూస్తున్నారు.

"నువ్వు చెప్పు వాళ్ళకి," అంది ఆంటీ. "నీకు ఇంగిలీసు మొత్తం వచ్చుగా."

అమ్మాయి చెప్పింది. చక్కటి ఇంగ్లీషు. పాలు, వాన, ఫోన్, మూత రంగు, అన్నీ వరసగా చెప్పింది. నాకు అర్థం కాకపోయినా వాజ్ వాజ్ అని చాలాసార్లు వినపడింది. అయ్యాక మెలే ముక్కు తుడుచుకుని ఏదో అంది. అమ్మాయి తల్లికి తెలుగులో చెప్పింది.

"నా కథ బాగుందట కానీ అందులో అంతా అయిపోయిందట. నీ కథే కావాలట."

ఆంటీ మొహం అప్పుడు చూడాలి మీరు. పరీక్ష ప్యాసైన పిల్లలా ఉంది.

తర్వాత మెలే ఆయానా అంటే అర్థమేమిటని అడిగింది. అమ్మాయి చెప్పేసింది, అది పేరు కాదు, ఆయన అంటే హీ, అంతే అని. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత నవ్వు. మిషన్ల మోతని మించిపోయింది. అసలు పేరేమిటని ఒకరు అడిగారు. అమ్మాయి చెప్పింది. ఆంటీ చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడింది. ఆ పేరు ఎవరి నోటా సరిగ్గా పలకలేదు. మళ్ళీ ఆయానాకే వచ్చేశారు.

మెలే కాసేపు ఏదో ఆలోచించింది. "సో ఎవ్రీ హజ్బెండ్ ఆయానా?" అంది.

"ఎవ్రీ," అంది ఆంటీ.

మెలే భర్త పోయి ఆరేళ్ళని మా ఎవరికీ తెలియదు. పెద్ద గొంతు మనిషే గానీ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. అరచేతులు బల్ల మీద పెట్టి, చాలా చిన్నగా మొదలుపెట్టింది. "మై ఆయానా... హీ గో ఫిష్." ఆవిడకి ఆంటీ కన్నా ఇంగ్లీషు చాలా బాగా వచ్చు. అయినా అలాగే చెప్పింది, గో అనే.

అమ్మాయి ఆ రోజు ఉద్యోగానికి వెళ్ళలేదు. టికెట్ మాట మళ్ళీ ఎత్తలేదు. ఇంట్లో కూడా నాన్న మాటలు మొదలయ్యాయి. ఎక్కువగా పోట్లాటలే. నాన్న అలా అనలేదు, ఇలా అన్నాడు అని తల్లీకూతుళ్ళు కేకలేసుకునేవాళ్ళు, వెనక ఫ్లాట్‌లోకి వినపడేది. ఆంటీ గొంతే పైన ఉండేది. సంఘం పెద్దావిడ ఇంకోసారి ఎవరితోనో అన్నారట, ఆవిడకి మతి చెడిందని. ఆంటీకి నేను చెప్పాను, చెప్పకూడనిదే. "చెడ్డాక ఇంత బాగుంటదని తెలిస్తే ముందే చెడగొట్టుకునేదాన్ని," అంది.

రెండేళ్ళకి అమ్మాయికి దక్షిణాన దూరంగా డునెడిన్ అనే ఊళ్ళో పని వచ్చి వాళ్ళు వెళ్ళిపోయారు. సామాను కారులో పెడుతుంటే నేను ఏడ్చాను. ఆంటీ కసిరింది. అక్కడ లాండ్రీ ఉండదు కదా, ఎవరికి చెప్తారని అడిగాను.

"అక్కడ డాక్టరు కాడ వెయిటింగ్ రూం ఉంటది," అంది. "పేరు పిలిచేదాకా ఒక్కరూ లేచి పోలేరు."

అన్నట్టే చేసింది. ఫోన్ చేసినప్పుడల్లా అక్కడివాళ్ళ సంగతులు చెప్పేది. ఒక ముసలాయన తన పేరు పిలిచినా లోపలికి పోకుండా, ఆయానా గొర్రెల సంగతి తేలాక వస్తానన్నాడట. ఈమధ్య ఆవిడకే జబ్బు చేసి ఆ రూంలో రోజూ కూర్చోవాల్సి వచ్చింది. ఆఖరి వారం పడుకుని ఉండి కూడా నర్సులకి చెప్పిందని అమ్మాయి ఫోన్‌లో చెప్పింది. మాట సరిగ్గా రాకపోతే ఎలా చెప్పారని అడిగాను. "నేను చెప్పాను, అమ్మ తప్పులు పట్టింది," అంది అమ్మాయి.

అది మౌనం కాదు. నేను చెప్పదలుచుకుంది ఇంతే.

ఇది రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. చదువుకున్న పెద్దలు చాలామంది చూస్తారని తెలుసు. అక్షరాలు తప్పిపోయిన చోట, మాటలు అటూ ఇటూ అయిన చోట నన్ను మన్నించండి, మీరే దిద్దుకుని చదవండి. ఒకటే కోరుకుంటున్నాను. మనసులో చదువుకోకండి. పక్కన ఎవరైనా ఉంటే వాళ్ళకి వినపడేలా పైకి చదవండి.